తల్లి చెట్టు ఎక్కడుంది? లాల్‌బాగ్‌లో పీయూసీ విద్యార్థులతో ఎనిమిది ఆదివారాలు

నేను బెంగళూరు దక్షిణ భాగంలోని ఒక పీయూ (ఇంటర్మీడియట్) కళాశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. మా సొంత ఊరు రైల్వే కోడూరు దగ్గర, శేషాచలం కొండల పాదాన ఉంటుంది. పదహారు మంది ద్వితీయ పీయూసీ విద్యార్థులతో ఇక్కడి బొటానికల్ గార్డెన్ లాల్‌బాగ్‌లో జరిపిన ఎనిమిది తరగతుల వివరం ఇది. జూన్ రెండో వారంలో మొదలుపెట్టి, పరీక్షల వారాలనూ ఆగస్టు పుష్ప ప్రదర్శన రద్దీనీ వదిలిపెట్టి, ఆగస్టు చివరికి ముగించాం. ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు పడమటి ద్వారం దగ్గర కలుసుకుని పది గంటలకు విడిపోయేవాళ్లం.

విద్యార్థులందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవారే. సగం మంది కుటుంబాలు కడప, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవి, మిగిలినవి రెండు మూడు తరాలుగా ఈ నగరంలో స్థిరపడినవి. తరగతులు తెలుగులోనే జరగాలని నేను పట్టుబట్టాను. భాషాభిమానం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఆ ఇళ్లలో మొక్కల గురించి మిగిలి ఉన్న ఎరుక అంతా అవ్వల, తాతల తెలుగులో ఉండటం. పాఠ్యపుస్తకంలోని ఇంగ్లీషు మాటలకూ ఆ ఎరుకకూ నడుమ దారి వేయకపోతే, పిల్లలు రెండింటినీ వేరువేరు అరల్లో దాచుకుంటారు.

అంతకు ముందు ఏడాది జరిగింది

ఈ పద్ధతికి రావడానికి ముందు నేను ఒక విఫలమైన ప్రయత్నం చేశాను. నలభై మందిని ఒకే రోజు తీసుకువెళ్లి ఉద్యానమంతా తిప్పాను. 1760లో హైదర్ అలీ వేయించిన తోట, 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయిన సంగతి, 1889లో పునాది పడిన గాజు భవనం, సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ శిల, పెద్ద బూరుగు చెట్టు వేళ్ల గోడలు, అన్నీ చూపించాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు, ఫొటోలు తీసుకున్నారు. వారం తరువాత పరిరక్షణ గురించి ఒక పేజీ రాయమంటే దాదాపు అందరూ "చెట్లను మనం కాపాడుకోవాలి, అవి మనల్ని కాపాడతాయి" అన్న ధోరణిలో రాశారు. పదకొండేళ్ల పిల్లవాడు రాసినా అదే రాస్తాడు. పదిహేడేళ్ల వయసులో సంభావ్యతను లెక్కించగలిగిన, మెండెల్ నిష్పత్తులను వివరించగలిగిన విద్యార్థి అక్కడే ఆగిపోయాడంటే లోపం బోధనలో ఉందని నాకు అర్థమైంది.

ఆ రోజే ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఈ కార్యక్రమానికి బీజం. "మేడం, ఎర్రచందనాన్ని రైతులు పొలాల్లో పెంచుతున్నారు, నర్సరీలో మొక్కలు అమ్ముతున్నారు. మరి అంతరించిపోతోందని ఎందుకంటారు?" అడవిలో తగ్గిపోతోంది కాబట్టి అని చెప్పి ముందుకు నడిచాను. ఆ జవాబు తప్పు కాదు, కానీ దానితో ఆమెకు ఏమీ తెలియలేదు. పొలంలో పెరిగే వెయ్యి చెట్లకూ అడవిలోని వెయ్యి చెట్లకూ తేడా ఏమిటి? బొటానికల్ గార్డెన్‌లో ఒక చెట్టు బతికి ఉంటే ఆ జాతి బతికినట్టేనా? పెద్ద పిల్లలకు పరిరక్షణ పాఠం మొదలుపెట్టవలసింది ఈ ప్రశ్నలతో. చెట్ల మీద ప్రేమ వాళ్లకు ఇదివరకే ఉంది.

పలకా రిజిస్టరూ

మొదటి తరగతిలో నేను చరిత్ర చెప్పలేదు. ఇద్దరిద్దరుగా విడిపోయి, పది చెట్ల పలకలు చదివి, ఒక్కొక్క జాతి స్వస్థలాన్ని ప్రపంచ పటంలో గుర్తించి తీసుకురమ్మన్నాను. గంట తరువాత పటాలను బండ మీద పరిస్తే చుక్కలు దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, పసిఫిక్ దీవుల్లో పడి ఉన్నాయి. నిటారుగా పెరిగే అరౌకేరియా న్యూ కలెడోనియాది. కొమ్మల నుంచి తాళ్లకు వేలాడే కాయల కైజీలియా ఆఫ్రికాది. రోడ్ల మీద మనకు నీడనిచ్చే నిద్రగన్నేరు దక్షిణ అమెరికా వైపుది. "ఇది మన చెట్లను కాపాడే తోటనా, బయటి చెట్లను తెచ్చే తోటనా?" అని ఒక అబ్బాయి అడిగాడు. నాకు కావలసిన ప్రశ్న అదే.

తోటలు మొదట పుట్టింది చాలావరకు తేవడానికే. ఈస్టిండియా కంపెనీ కాలంలో సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ నడిపిన తోట మిరియం, నీలిమందు, మల్బరీ వంటి ఆదాయ పంటల కోసం ఏర్పడింది. ఆయన 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాక సామర్లకోట పని చూసిన బెంజమిన్ హైనే, శ్రీరంగపట్నం పతనమైన తరువాత ఇదే లాల్‌బాగ్ బాధ్యత కూడా చూశాడు. గోదావరి జిల్లా తోటకూ బెంగళూరు తోటకూ ఉన్న ఈ బంధం విన్నప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించిన ఆసక్తిని నేను ముందుగా ఊహించలేదు. తరువాతి కాలంలో ఇక్కడ సూపరింటెండెంట్‌గా ఉన్న జాన్ కామెరాన్ ఈ ప్రాంతానికి తెచ్చాడని చెప్పే కూరగాయకు మన ఇళ్లలో పేరే బెంగళూరు వంకాయ. మేలు అలా వచ్చింది, కీడు కూడా అదే దారిన వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అలంకారం కోసం కలకత్తా తోటలో పెట్టిన లాంటానా, మన తలంబ్రాల చెట్టు, ఈ రోజు దేశంలోని అడవుల నేలను కప్పేస్తోంది. బొటానికల్ గార్డెన్ మంచిదా చెడ్డదా అన్న తీర్పు నేను ఇవ్వలేదు. పరాయి జాతుల చొరబాటును అంతరింపు కారణంగా పాఠంలో చదివిన పిల్లలకు, ఆ చొరబాటు ఒక తోట గేటు నుంచి కూడా మొదలుకావచ్చని తెలియడం అవసరం.

చివర్లో ఒక సంగతి చెప్పాను. చెట్టుకు కట్టిన పలక సందర్శకుడి కోసం. పరిరక్షణకు కావలసిన సమాచారం ఉండేది రిజిస్టరులో. ఏ బొటానికల్ గార్డెన్‌లోనైనా సేకరణకు చేర్చిన ప్రతి మొక్కకు ఒక సంఖ్య ఇచ్చి, అది ఏ కొండ మీద, ఏ వాలులో, ఏ తల్లి చెట్టు నుంచి, ఏ తేదీన, ఎవరి చేత సేకరించబడిందో రాసుకోవడం పద్ధతి. ఆ వివరం లేని మొక్క నీడ ఇస్తుంది, పూలు పూస్తుంది, పాఠం చెప్పడానికి పనికొస్తుంది. కానీ రేపు అడవిలో ఒక జాతిని తిరిగి నాటవలసి వచ్చినప్పుడు దాని గింజను నమ్మి వాడుకోలేం. ఆ రోజు నుంచి మా బృందంలో ఏ మొక్క ముందు నిలబడినా అడిగే మొదటి ప్రశ్న "దీని తల్లి ఎక్కడుంది?" అయింది.

సంచిలో అలసందలు

రెండో తరగతి నా దృష్టిలో అన్నిటికంటే బాగా కుదిరింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. గుడ్డ సంచిలో తొంభై ఐదు తెల్ల అలసందలు, ఐదు ఎర్రటి రాజ్మా గింజలు వేసి నాలుగు జట్లకు నాలుగు సంచులు ఇచ్చాను. సంచి అంటే అడవి. ఎర్ర గింజ అంటే వందలో ఐదు పాళ్లు మాత్రమే ఉన్న ఒక జన్యు రూపం. అది కరువును తట్టుకునే గుణం కావచ్చు, ఒక తెగులును ఎదుర్కొనే శక్తి కావచ్చు. కళ్లు మూసుకుని ఒక గింజ తీయాలి, రంగు రాసుకోవాలి, తిరిగి సంచిలో వేసి కలపాలి. ఇలా పదిసార్లు. పది గింజల్లో ఒక్క ఎర్రదైనా రాకపోతే ఆ గుణాన్ని మనం తోటకు తీసుకురాలేకపోయినట్టు. రాజ్మా గింజ పెద్దది కాబట్టి చేతికి తెలిసిపోతోందని ఒక జట్టు మొదటి నిమిషంలోనే పట్టుకుంది. అప్పటికప్పుడు కొన్ని అలసందలకు ఎర్ర గోళ్ల రంగు పూసి, ఆరబెట్టి, రాజ్మాల బదులు వేశాం.

నాలుగు జట్లు మళ్లీ మళ్లీ తీశాయి. సగానికి మించిన విడతల్లో ఎర్ర గింజ అసలు రాలేదు. అప్పుడు లెక్క వేయించాను. ఒక్కసారి తీసినప్పుడు ఎర్రది రాకపోయే అవకాశం 0.95. పదిసార్లూ రాకపోయే అవకాశం 0.95 పదవ ఘాతం, అంటే సుమారు 0.6. పదికి ఆరుసార్లు మనం ఓడిపోతాం. అది నూటికి ఐదుకు తగ్గాలంటే ఎన్నిసార్లు తీయాలో సంవర్గమానాలతో వాళ్లే కట్టారు, 59 వచ్చింది. ప్రతి చెట్టులో ఒక్కొక్క జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి కాబట్టి, ఒకదానికొకటి బంధుత్వం లేని కనీసం ముప్పై చెట్లు కావాలి. విత్తన సేకరణ మార్గదర్శకాల్లో వీలైతే యాభై చెట్ల నుంచి తీసుకోమని ఎందుకు ఉంటుందో ఆ లెక్కతో వాళ్లకు బోధపడింది.

అప్పుడు ఒక అమ్మాయి నేను సిద్ధం చేసుకోని ప్రశ్న అడిగింది. "ఒక్క తల్లి చెట్టు నుంచి వంద గింజలు తెస్తే, వాటికి పుప్పొడి ఇచ్చిన చెట్లు వేరు కదా మేడం? అప్పుడు ఒక్క చెట్టు అనుకోవడం తప్పు కాదా?" ఆమె చెప్పింది నిజమే. ఒక తల్లి గింజల్లో అనేక తండ్రుల జన్యువులు ఉండవచ్చు, కానీ ప్రతి గింజలో సగం వాటా ఆ తల్లిదే. ఆ గింజలన్నీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తోటలో వాటిని పక్కపక్కన నాటి, వాటి గింజలతోనే మళ్లీ నాటుకుంటూ పోతే రెండు మూడు తరాల్లో బలహీనత బయటపడుతుంది. మేనరికాల గురించి ఇంట్లో విన్న మాటలతో పిల్లలు దీన్ని వెంటనే పోల్చుకున్నారు. పొలంలోని వెయ్యి ఎర్రచందనం చెట్లు నాలుగైదు తల్లుల పిల్లలైతే, అడవిలోని వెయ్యి చెట్లకు అవి ఎందుకు సాటి రావో మళ్లీ వివరించే అవసరం నాకు రాలేదు.

ఎర్రచందనం హోదా మార్పులను కూడా ఈ తరగతి చివర్లోనే చెప్పాను. ఈ చెట్టు శేషాచలం, పాలకొండ, వెలికొండ, నల్లమల వంటి, తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండలకే పరిమితం. అడవి జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో 1995లో చేరింది. జాతులకున్న ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో 1990ల చివర్లో అంతరించే ప్రమాదమున్నదిగా, 2018లో ప్రమాదానికి దగ్గరలో ఉన్నదిగా, 2021లో మళ్లీ అంతరించే ప్రమాదమున్నదిగా నమోదైంది. మూడేళ్లలో అడవి అంతగా మారదు కదా అని పిల్లలు అడిగారు. మారింది అడవి మాత్రమే కాదు, అంచనాకు వాడిన ఆధారాలూ వాటిని చదివిన తీరూ కూడా. ఒక జాతి హోదా అంటే అప్పటికి దొరికిన సాక్ష్యాల మీద ఇచ్చిన నిర్ణయమనీ, కొత్త సాక్ష్యం వస్తే అది మారుతుందనీ ఈ వయసు వారికి చెప్పితీరాలి. మారే సంగతిని మారనిదిగా నేర్పితే, అది మారిన రోజున వాళ్లు సైన్సునే అనుమానిస్తారు.

నేరేడు గింజ

మూడో తరగతికి ముందే, జూన్‌లో, ఒక ప్రయోగం ఇళ్లకు పంపాను. ఉద్యానంలో ఆకు కూడా కోయకూడదు కాబట్టి మార్కెట్లో దొరికే వాటితోనే చేయవలసి వచ్చింది. నేరేడు పళ్లు కొని తిని గింజలు కడిగి మూడు వాటాలు చేయాలి. ఒక వాటా వెంటనే నాటాలి, రెండోది వారం రోజులు, మూడోది మూడు వారాలు నీడలో ఆరబెట్టి నాటాలి. పోలిక కోసం చింతగింజలతో కూడా అలాగే చేయాలి. వెంటనే నాటిన నేరేడు దాదాపు అందరి కుండీల్లో మొలిచింది, కొన్ని చోట్ల ఒక్క గింజ నుంచే రెండు మూడు మొలకలు వచ్చాయి. నేరేడులో ఒకే గింజలో ఎక్కువ పిండాలు ఉండటం మామూలే. మూడు వారాలు ఆరబెట్టిన నేరేడు ఎవరి ఇంట్లోనూ మొలవలేదు. చింతగింజ ఎంత ఆరినా మొలిచింది, నానబెట్టకపోతే ఆలస్యంగా.

విత్తన నిధులు (సీడ్ బ్యాంకులు) పనిచేసేది చింతగింజ లాంటి వాటితో. తేమను 3 నుంచి 7 శాతానికి తగ్గించి, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంచితే అవి దశాబ్దాలపాటు నిద్రపోతాయి. ఎర్రచందనం కూడా ఈ కోవలోదే, రెక్కలున్న దాని గుండ్రటి కాయ ఎండను ఓర్చుకుంటుంది. నేరేడు, మామిడి, పనస గింజలను ఆరబెడితే చచ్చిపోతాయి. శేషాచలంలో నేరేడుకు దాయాది అయిన మొగి చెట్టుదీ, సాల వృక్షపు బంధువు తంబజలారిదీ ఇదే స్వభావం. వాటిని డబ్బాలో పెట్టి దాచలేం. అవి చెట్లుగా బతకాలి, లేదా ఉన్న కొండ మీదే క్షేమంగా ఉండాలి. ఈ తేడాను పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన పిల్లలు, తమ కుండీలో మొలవని గింజను తవ్వి, పైపొట్టు తీసి, లోపల గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయిన పప్పును వేలితో నొక్కి చూసినప్పుడు నిజంగా గ్రహించారు.

సైకాడ్ల దగ్గర ఒక ఉదయం

లాల్‌బాగ్‌లోని సైకాడ్ల దగ్గర ఒక తరగతి మొత్తం గడిపాం. ఈతచెట్టులా కనిపించే ఈ మొక్కల్లో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి. 1895లో దక్షిణాఫ్రికాలోని న్గోయె అడవి అంచున వృక్షశాస్త్రవేత్త జాన్ మెడ్లీ వుడ్‌కు కనిపించిన ఒక మగ సైకాడ్ కథ చెప్పాను. దాని ఆడ మొక్క ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ప్రపంచంలోని తోటల్లో ఈ రోజు ఉన్న ఎన్‌సెఫలార్టస్ వుడియై మొక్కలన్నీ ఆ ఒక్క గుంపు నుంచి తీసిన పిలకలే. వాటిలో ఏదీ తన జాతి గింజను ఇవ్వలేదు. బతికే ఉంది, పెరుగుతోంది, కానీ అడవికి తిరిగి వెళ్లలేదు. ఇది విన్నాక పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత మన కొండల సైకాడ్‌కు వచ్చాం. సైకాస్ బెడ్డోమీ శేషాచలం, కడప వైపు కొండలకే పరిమితం, అత్యంత కఠిన నియంత్రణ ఉండే సైటిస్ మొదటి అనుబంధంలో ఉంది. దాని మగ శంకువులను మందుల కోసం కోసుకుపోతారు. మొక్కను పీకడం లేదు కదా, శంకువు మాత్రమే కదా అని పైకి అనిపిస్తుంది. కానీ మగ శంకువు లేకపోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే ఆ ఏడాది కొండ మీద పిల్ల మొక్క లేదు. మరో చిక్కు తోటల్లో ఉంది. వేరువేరు సైకాస్ జాతులను పక్కపక్కన పెంచితే ఒకదాని పుప్పొడి మరొకదానిపై పడి సంకర గింజలు కట్టవచ్చు. అందుకే తోటలో కాసిన గింజను అడవికి పంపేముందు దాని తండ్రి ఎవరో కూడా అడగాలి.

2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ప్రపంచంలోని బొటానికల్ గార్డెన్లన్నిటిలో కలిపి, ముప్పు ఉన్నట్టు తెలిసిన మొక్క జాతుల్లో 41 శాతం ఉన్నాయి. 2020 నాటికి కనీసం 75 శాతాన్ని అడవి బయటి సేకరణల్లో చేర్చాలన్నది అంతర్జాతీయ లక్ష్యంగా ఉండేది. ఈ అంకెలను సైకాడ్ల ముందే చెప్పి, ఆ 41 శాతంలోకి చేరడానికి ఒక జాతి మొక్కలు ఎన్ని ఉండాలని అడిగాను. ఒక్కటి ఉన్నా చాలని తెలిశాక, అంకెను ఎలా చదవాలో వాళ్లే చెప్పారు.

రెండు చోట్లే

అయిదో తరగతిలో నిర్ణయం వాళ్ల చేతికి ఇచ్చాను. ఒక తోటలో రెండు జాతుల సజీవ సేకరణకే చోటూ నీళ్లూ మనుషులూ ఉన్నారనుకుందాం. ఎర్రచందనం, సైకాస్ బెడ్డోమీ, తంబజలారి, మొగి, తిరుమల కొండల్లోనే పెరిగే కొండ కొత్తిమీర, ఈ అయిదింటిలో ఏ రెండు? మొదటి పది నిమిషాల్లో ఎర్రచందనానికే ఓట్లు పడ్డాయి. పేపర్లలో రోజూ చూసే పేరు అదే. అప్పుడు నేరేడు ప్రయోగం గుర్తుచేస్తూ ఒక అబ్బాయి లేచాడు. ఎర్రచందనం గింజను దాచుకోవచ్చు, రైతులు పెంచుతున్నారు, దానికి కావలసింది తోటలో చోటు కాదు, అడవిలో కాపలా అన్నాడు. గింజ దాచలేని వాటికే తోటలో చోటు ఇవ్వాలన్న వాదన బలపడింది. సైకాడ్ గింజ కూడా ఎక్కువకాలం నిలవదు కాబట్టి మొగి, తంబజలారి, సైకాస్ మధ్య పోటీ మిగిలింది. సైకాస్‌కు ఆడా మగా కలిపి చాలా మొక్కలు కావాలి, అవి నెమ్మదిగా పెరుగుతాయి. ఇంతలో వెనక కూర్చున్న అమ్మాయి, కొండ కొత్తిమీర చిన్న దుంప మొక్క, దానికి చెట్టంత చోటు ఎందుకు, యాభై కుండీలు పెడితే సరిపోదా అని ఆట నియమాన్నే ప్రశ్నించింది.

నేను మాట్లాడలేదు. ఇలాంటి వేళ ఉపాధ్యాయుడు మౌనంగా ఉండటం కష్టమైన పని, కానీ నోరు తెరిస్తే పిల్లలు వాదన ఆపేసి నా ముఖంలో సరైన జవాబు వెతుక్కుంటారు. చివరికి తంబజలారి, సైకాస్ గెలిచాయి, ఆరుగురు విభేదించారు. విభేదించిన వారి కారణాలను కూడా రాసి పెట్టమన్నాను.

ఇంటి నుంచి వచ్చినవి

ఆరో తరగతికి ప్రతి ఒక్కరూ ఇంట్లోని పెద్దవారిని అడిగి, అడవి నుంచి తెచ్చుకునే ఒక మొక్క గురించి రాసుకు రావాలి. ఒకరి అవ్వ తెల్ల కరక కాయను దగ్గుకు ఎలా వాడేవారో చెప్పింది. మరొకరి తాత కొండ సాంబ్రాణి చెట్టుకు గాటు పెట్టి బంక తీసే పద్ధతి వివరిస్తూ, "ఒకే చెట్టుకు ఏడాదేడాదీ గాటు పెడితే అది ఎండిపోతాది, మా కాలంలో చెట్టు మార్చేవాళ్లం" అన్నాడట. మనవడు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకొచ్చాడు. తెల్ల కరక, కొండ సాంబ్రాణి రెండూ ఆ కొండలకే పరిమితమైన జాతులని నేను చెప్పినప్పుడు, తాతగారు చెప్పినది కోతకు పరిమితి పెట్టే పద్ధతేనని అతనే గుర్తించాడు.

అదే రోజు ఒక విద్యార్థి తమ అపార్ట్‌మెంట్‌లో తండ్రి నాటిన "ఎర్రచందనం" మొక్క కొమ్మను తెచ్చాడు. నగరంలోని ఒక నర్సరీలో ఆ పేరుతోనే అమ్మారట. కొమ్మను బల్ల మీద పెట్టి చూశాం. ఒకే ఈనె నుంచి చీలి, మళ్లీ చీలి, పదుల కొద్దీ చిన్న చిన్న పత్రకాలు. ఎర్రచందనం ఆకులో మామూలుగా మూడు వెడల్పాటి పత్రకాలు ఉంటాయి, ముదిరిన మాను బెరడు మొసలి వీపులా పలకలుగా పగులుతుంది. వాళ్లు తెచ్చినది బండి గురివింద, ఎర్రటి మెరిసే గింజల చెట్టు. మంచి చెట్టే, కానీ కాపాడాలనుకున్న చెట్టు కాదు. ఆ కుర్రవాడు చిన్నబుచ్చుకున్నాడు. పేరు సరిగా తెలియడం పరిరక్షణలో మొదటి మెట్టని ఆ కొమ్మ చెప్పినంత గట్టిగా నేను చెప్పలేకపోయేదాన్ని.

కుదరనివి

ఏడో తరగతిలో ఎర్ర జాబితా ప్రమాణాల పట్టిక మొత్తాన్ని ఒకేసారి ఇచ్చాను, అది పొరపాటు. ఇరవై నిమిషాల్లో పిల్లల చూపు చెరువు వైపు మళ్లింది. ఒక జాతిని తీసుకుని ఒక్క ప్రమాణాన్ని మాత్రమే పరీక్షించమని చెప్పి ఉండవలసింది. నీట్ కోచింగ్ కారణంగా నలుగురు రెండేసి తరగతులకు రాలేకపోయారు, ఒకరు మధ్యలో మానేశారు. ఇది పరీక్షకు వస్తుందా అని అడిగిన తల్లిదండ్రులకు, జీవవైవిధ్యం పాఠం సిలబస్‌లో ఉందని నిజమే చెప్పాను, మార్కుల హామీ మాత్రం ఇవ్వలేదు.

అన్నిటికంటే పెద్ద లోటు, పిల్లలు ఆ కొండను చూడకపోవడం. అడవిలోకి వెళ్లడానికి కావలసిన అనుమతులు, ప్రయాణం, ఖర్చు ఈసారి నేను సమకూర్చలేకపోయాను. ఎర్రచందనం పెరిగే రాతి నేలను, వేసవిలో ఆకు రాల్చిన వాలును కళ్లతో చూడకుండా తోటకూ అడవికీ తేడాను మాటల్లోనే చెప్పవలసి వచ్చింది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున చల్లగా ఉండే ఈ నగరంలో, నీళ్లు పోసి పెంచిన చెట్టు ఆ కొండ చెట్టుకు పూర్తి ప్రతిరూపం కాదు. తరతరాలుగా తోటలోనే పెరిగితే తోటకు తగినవే మిగులుతాయి.

మొదటి రోజూ చివరి రోజూ ఒకే ప్రశ్నకు జవాబు రాయించాను: ఒక మొక్క జాతిని కాపాడామని ఎప్పుడు అనగలం? మొదటి రోజు జవాబుల్లో "ఎక్కువ చెట్లు నాటినప్పుడు", "నరకడం ఆపినప్పుడు" అన్నవే ఎక్కువ. చివరి రోజు పదిహేను జవాబుల్లో పదకొండింట్లో తల్లి చెట్ల సంఖ్య గానీ, సేకరించిన చోటు గానీ, అడవిలో తనంతట తాను పిల్ల మొక్కలు వేయడం గానీ ప్రస్తావనకు వచ్చింది. మిగిలిన నలుగురు నాటడం దగ్గరే ఆగారు. వారిలో ఇద్దరు ఎక్కువ తరగతులకు రానివారు.

ఎనిమిదో ఆదివారం, నేరేడు మొక్కలను ఎక్కడ నాటాలన్న మాట వచ్చింది. ఒక్కొక్కరి ఇంట్లో నాలుగైదు ఎదిగి ఉన్నాయి. మా చిన్న రిజిస్టరులో ప్రతి మొక్కకు సంఖ్య వేసి వివరాలు రాయడం మొదలుపెట్టారు. జాతి: నేరేడు. గింజ నాటిన తేదీ. సేకరించిన చోటు: మార్కెట్. తల్లి చెట్టు అన్న గడి దగ్గర అందరి కలాలూ ఆగాయి. "తెలియదు" అని రాశారు, అరవైకి పైగా మొక్కలకు వరుసగా అదే మాట. నీడ కోసం కాలనీల్లో నాటుదాం, పరిరక్షణ సేకరణ అని మాత్రం అనవద్దు అని వాళ్లే తీర్మానించారు. వచ్చే జూన్‌లో పళ్లు కొనబోవడం లేదు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు బంధువుల ఊళ్లలో పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద ఉన్న ముప్పై నేరేడు చెట్లను ఈ సెలవుల్లోనే గుర్తించి, ఊరు, పొలం, చెట్టు చుట్టుకొలత, పక్క చెట్టుకు ఉన్న దూరం రాసుకు రావాలని పంచుకున్నారు. ఇంతవరకు పంతొమ్మిది చెట్ల వివరాలు రిజిస్టరులోకి చేరాయి.